డ్రిల్లు మేడం రాయించిన పేజీలు

నరసరావుపేట బస్టాండ్ ముందు ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదితే ఆటోలు ఆగుతాయో లేదో తెలియదు కానీ, నా కుడిచేతి వేళ్లు మాత్రం దగ్గరకొచ్చి కలం కోసం వెతుక్కుంటాయి. మొన్న కూడా అదే జరిగింది. పక్కన నిలబడ్డ పెద్దావిడ చూసి, చెయ్యి గుంజుతోందా అమ్మా అని అడిగింది. లేదండీ, మా డ్రిల్లు మేడం గుర్తొచ్చారు అన్నాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెబుతూ కూర్చుంటే బస్సు వెళ్లిపోయేది, అందుకని ఇక్కడ చెబుతున్నాను.

నాగేంద్రమ్మ మేడం మాచర్లకీ గురజాలకీ మధ్య ఉన్న మా ఊరి హైస్కూల్లో వ్యాయామం టీచరు. అచ్చంపేట వైపు మనిషి. ఒకప్పుడు కబడ్డీ బాగా ఆడేవారట. నడకలో ఆ దూకుడు ఇంకా మిగిలే ఉండేది. చుడీదారు, కాన్వాసు బూట్లు, మెడలో ఈల. మిగతా టీచర్లు ఆవిణ్ణి తమలో ఒకరిగా చూసేవాళ్లు కాదు, ఆవిడా వాళ్లను పెద్దగా పట్టించుకునేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ముప్పై రోజుల పాటు రోజుకో పేజీ సొంతంగా రాయాలి; పిల్లలే కాదు, టీచర్లూ రాయాలి. పూర్తి చేసిన బళ్ల నోటుబుక్కులు ప్రదర్శనకు పెడతారు. తెలుగు మాస్టారు సిలబస్ మిగిలిపోయిందని తప్పించుకున్నారు. ఖాళీగా ఉండేది డ్రిల్లు పీరియడే కదా అని హెడ్మాస్టారు ఆ కాగితం తెచ్చి మేడం చేతిలో పెట్టారు. మేడం దాన్ని పరుగు పందెం లాగే తీసుకున్నారు. ప్రార్థన కాగానే మా తరగతికి వచ్చి ఈల ఊదేవారు, రాయడం మొదలుపెట్టాలి. పది నిమిషాలకు మళ్లీ ఈల, ఆపేయాలి. నియమం ఒక్కటే: నిన్న నీకు ఏం జరిగిందో అది రాయాలి. గైడులోది వద్దు, పక్కవాళ్లది వద్దు. ఆవిడా గడప మీద కూర్చుని మాతోపాటే రాసేవారు. రాసింది బల్ల మీద పెట్టి, ఎవరైనా చదువుకోవచ్చనేవారు. అలా మా పేజీలూ ఒకరివొకరం చదువుకునేవాళ్లం.

మొదటి రోజు నలభై మందిమీ ఒకటే రాశాం. పొద్దున్నే లేచాను, పళ్లు తోముకున్నాను, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అంతమంది అంత భక్తిగా ఉంటే మా ఊరు ఎప్పుడో బాగుపడి ఉండేది. మేడం మాత్రం, కారంపూడి రోడ్డులో స్కూటీ ఆగిపోతే మెకానిక్‌ను నానా మాటలూ అన్నానని, చివరికి పెట్రోలు అయిపోయిందని తేలితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని రాశారు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. పెద్దవాళ్లు తమ తప్పు తామే రాసుకోవడం మేం చూసింది అదే మొదటిసారి. రెండో రోజు నుంచి మా పేజీల్లో దణ్ణాలు తగ్గిపోయాయి.

మా అమ్మానాన్నలు నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాళ్లు. అమ్మకు నడుం పట్టేసినప్పుడల్లా ఆమె బదులు నేను వెళ్లి, నాన్న తీసిన రాళ్లు పేర్చేదాన్ని. ఆ నెలలో వరసగా ఆరు రోజులు వెళ్లాను. ఏడో రోజు బడికి వచ్చి, నిన్న జరిగిందే కదా అని క్వారీ గురించి రాశాను. మేడం చదివి, ఎన్ని రోజులు రాలేదే అని అడిగారు. ఆరు అన్నాను. ఆవిడ హాజరు రిజిస్టర్ తెరిచి నా పేరు మీద వేలు పెట్టారు. ఆరు రోజులూ నేను బడికి వచ్చినట్టే ఉంది.

దెబ్బలు తప్పినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు, చాలా అవమానంగా అనిపించింది. నేను లేకపోయినా ఈ తరగతికి లోటేమీ రాలేదన్నమాట. హాజరు తగ్గితే పైవాళ్లు అడుగుతారని హెడ్మాస్టారు అందరూ వచ్చినట్టే రాయించేవారని తర్వాత తెలిసింది. అలా రాస్తారు కాబట్టే క్వారీ పిల్లలు బడి మానేసినా వెతుక్కుంటూ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నాకన్నా ముందు మా వీధిలో ఇద్దరమ్మాయిలు అలాగే రిజిస్టర్‌లో చదువుకుంటూ క్వారీలో పెద్దవాళ్లయ్యారు. మూడోదాన్ని నేనే అయ్యేదాన్ని.

మర్నాటి నా పేజీలో అదే రాశాను. నిన్న రిజిస్టర్ చూశాను, అందులో నేను బడిలోనే ఉన్నాను, మరి క్వారీలో రాళ్లు మోసింది ఎవరో తెలియదు అని. మేడం పేజీ ఇంకా ఘాటుగా ఉంది. ఆ ఆరు రోజుల్లో రెండు రోజులు హాజరు తీసుకున్నది తానేనని, తలెత్తి చూడకుండా అందరికీ వరసగా టిక్కులు కొట్టానని రాసి, కింద సంతకం కూడా పెట్టారు.

ఆ మధ్యాహ్నమే ప్రదర్శనకు పనికొచ్చేవి ఏరుదామని హెడ్మాస్టారు మా నోటుబుక్కులు తెప్పించుకున్నారు. గంట గడవకముందే తరగతికి వచ్చారు. మేడం అప్పుడు గ్రౌండులో ఆరో తరగతి పిల్లలతో ఉన్నారు. ఆయన నన్ను లేపి, నోటుబుక్కు ముందు పడేసి, “ఈ పేజీ చించుతావా, టీసీ తీసుకుని పోతావా?” అన్నారు. టీసీ అంటే ఇక క్వారీయే. చించాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. భయపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మేడం వచ్చి అంతా విన్నారు. ఓదార్చలేదు. నా ఎదురుగా కూర్చుని, “రేపు ఏం రాస్తావే అంకమ్మా?” అన్నారు. ఇంక రాయనన్నాను. “నిన్న జరిగింది రాయటమేగా మన రూలు. తెల్లారితే ఇది నిన్నటిదే అయిద్ది,” అన్నారు. నాతో అన్న మాటే అయినా తరగతంతా విన్నది.

మర్నాడు ఈల మోగాక ఒక్కరూ తలెత్తలేదు. రెండో ఈలకూ ఎవరూ ఆపలేదు. హెడ్మాస్టారు వచ్చి ముందు బల్ల మీది నోటుబుక్కు తీసి చదివారు. నేను చించిన పేజీ గురించి ఉంది. రెండోది తీశారు, అదే. మూడోదీ అదే. నా పేజీలో ఉన్న మాటలు గుర్తున్నంతవరకు తిరిగి రాసినవాళ్లు కొందరు, ఆయన కాగితం పెట్టుకున్నది ఎడమ జేబులో అని రాసినవాళ్లు కొందరు. నా మీద ప్రేమతో రాశారని చెప్పను. నిన్న జరిగిన విశేషం అదొక్కటే మరి.

ఇవన్నీ చింపించమని ఆయన మేడంతో అన్నారు. మేడం గడప మీద నుంచి లేచారు. గొంతు పెంచలేదు.

“చింపించండి సార్. నలబై మందీ పేజీలు చింపిన సంగతి రేపు రాస్తారు. ఇంకా పద్దెనిమిది రోజులుంది.”

మీ ఉద్యోగం సంగతి చూస్తానన్నారు ఆయన. చూడండి, అది జరిగిన మర్నాడు నేనూ రాసుకుంటానని మేడం జవాబిచ్చారు. ఆయన చేతిలోని నోటుబుక్కు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మా నోటుబుక్కులు ప్రదర్శనకు వెళ్లలేదు. కానీ ఆ వారం నుంచి మా క్లాస్ టీచరు పేరు పిలిచి, తలెత్తి చూసి, లేనివాళ్లను లేరని రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అమ్మకు మళ్లీ నడుం పట్టేసి నేను క్వారీకి వెళ్తే, రెండో రోజే మేడం స్కూటీ అక్కడికి వచ్చింది. నాన్న చేతిలో గునపం దించకుండానే, “ఇన్నాళ్లూ ఎవురూ రాలేదు గదా మేడం, ఇయాళ ఏంది?” అన్నాడు.

“ఇన్నాళ్లూ ఉన్నట్టు రాశామన్నా, తప్పు మాదే. ఇప్పుడు లేదని రాశాం. అందుకే ఎతుక్కుంటా వచ్చా.”

నాన్న ఆ రోజు పంపలేదు, మర్నాడు పంపాడు. ఆ ఏడాది మేడం మరో మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ నాన్నతో గొడవపడ్డారు, ఒకసారి మాత్రం నాతోపాటు రాళ్లు పేర్చి మరీ నన్ను తీసుకెళ్లారు. వేసవి సెలవుల్లో ఆవిణ్ణి దూరంగా ఎక్కడికో బదిలీ చేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు. నేను ఆవిణ్ణి మళ్లీ చూడలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు నేను నకరికల్లు దగ్గర ఒక చిన్న బడిలో టీచర్ని. ఆవిడకున్న తెగువంతా నాకు రాలేదు. పై నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాను. పోయిన నెల మా మూడో తరగతి పిల్ల ఒకతి అమ్మతోపాటు మిరపకోతలకు వెళ్లి నాలుగు రోజులు రాలేదు. హాజరు శాతం పడిపోతోంది, వచ్చినట్టు పెట్టెయ్యమ్మా అని మా హెడ్మాస్టారు మెత్తగానే చెప్పారు. చెడ్డ మనిషేం కాదు. పెట్టనన్నాను. ఎందుకని అడిగితే, ఉన్నట్టు రాస్తే ఆ పిల్ల ఇక రాదు సార్ అన్నాను. పైవాళ్లకు సంజాయిషీ నువ్వే ఇచ్చుకోవాలన్నారు. ఇచ్చుకుంటానని చెప్పి, ఆయన చూస్తుండగానే ఆ పేరుకు ఎదురుగా రాలేదని రాసి, చెప్పులేసుకుని మిరపచేల వైపు నడిచాను.