కింద నుంచి పైకి నీళ్లు కొట్టే మావయ్య

“పాప లోపల, తాళంచెవి లోపల, నేను బయట. తలుపులు వాటంతటవే తాళం పడిపోతే ఏం చెయ్యాలి మావయ్యా?”

మావయ్య నా మాట వినిపించుకోలేదు. కారు తలుపు తెరిచి, తల లోపలికి దూర్చి, గట్టిగా ఓసారి వాసన పీల్చి, “చెమ్మ,” అన్నాడు.

ఆయన ఎప్పుడూ అనేది అదే. హెడ్‌లైట్లు వెలగకపోయినా చెమ్మే, హారన్ దానంతటది మోగినా చెమ్మే. అత్తయ్యకు మోకాళ్లు నొప్పులొస్తే దానికీ అదే కారణం చెప్పి తిట్లు తిన్నాడట. వీధిలో వాళ్లు వెటకారంగా ఆయనకు ‘చెమ్మ డాక్టరు’ అని పేరు పెట్టారు. ఆయన సిగ్గుపడాల్సింది పోయి, ఆ పేరును షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో పెద్దక్షరాల్లో రాయించుకున్నాడు.

మావయ్య అంటే మా మేనత్త భర్త. వయసులో ఉన్నప్పటి నుంచీ కార్లలో వైర్ల పనే. కొత్తలో అందరిలాగే ఫ్యూజు పోతే ఫ్యూజు, బల్బు పోతే బల్బు మార్చేవాడు. ఒకాయన కారుకు అదే ఫ్యూజు మళ్లీ మళ్లీ మార్చేసరికి, “నువ్వు మెకానిక్‌వా, ఫ్యూజులమ్ముకునేవాడివా?” అని ఆయన నలుగురి ముందూ అడిగేశాడు. మావయ్యకు పౌరుషం పొడుచుకొచ్చి సీట్లన్నీ పీకి అవతల పారేశాడు. కార్పెట్ కింద కాగితప్పడవలు వదిలేటన్ని నీళ్లున్నాయి. అప్పటి నుంచి ఆయనకు లోకంలో ఒకటే శత్రువు.

మా కారు సంగతికొస్తే, వాన పడిన మర్నాడల్లా తలుపులు టక్కుమని వాటంతటవే తాళం పడుతున్నాయి. ఆదివారంతో నా సెలవు అయిపోతుంది. ఇక రోజూ పాపను కార్లో తీసుకెళ్లి అమ్మ దగ్గర దించి నేను ఉద్యోగానికి వెళ్లాలి. నేను చదివింది రసాయన శాస్త్రం. చదువుకుంటే భయం పోతుందంటారు. నా చదువు మాత్రం భయపడటానికి మంచి మంచి కారణాలు సమకూర్చింది. ఎండలో మూసి ఉన్న కారు ఎంత తొందరగా వేడెక్కుతుందో నేను లెక్క కట్టగలను. కట్టాను కూడా.

“తలుపు రబ్బరు పోయింది. కళ్లు మూసుకుని చెప్తా,” అన్నాడు మావయ్య.

“మీరు కళ్లు తెరిచి చెప్పిందెప్పుడు?” అంటూ అత్తయ్య టార్చిలైటు పట్టుకుని వచ్చింది.

వాళ్లు పని చేసే పద్ధతే అంత. ఆయన బయట నిలబడి పైపుతో నీళ్లు కొడతాడు. ఆవిడ లోపల కూర్చుని తడి ఎక్కడ కనిపిస్తుందో చూసి చెప్తుంది. అద్దాలు మూసి ఉంటాయి కాబట్టి ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినపడదు. తమ కాపురం ఇన్నేళ్లు నిలబడటానికి అసలు కారణం అదేనని అత్తయ్య నమ్మకం.

మావయ్య నన్నడక్కుండానే పాప సంచీలోంచి పౌడరు డబ్బా తీసి కారు లోపల అంచుల వెంట, మూలల్లో, సీట్ల కింద దులిపేశాడు. నీళ్లు ఎటు నుంచి దిగినా పౌడరు మీద గీత పడుతుందట.

“మావయ్యా, పౌడరు పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు.”

“పాప నీ చంకలోనే ఉందిగా?”

“అత్తయ్య లోపలుంది!”

“ఆవిడ ఊపిరితిత్తుల బలం నీకు తెలీదమ్మా. వీధి చివర టీ కొట్టువాణ్ణి అడుగు.”

ఇంజన్ ఆపి, స్విచ్ మాత్రం ఆన్‌లో ఉంచి, మావయ్య పైపు పట్టుకున్నాడు. తలుపు అడుగున నీళ్లు కొట్టడం మొదలెట్టాడు.

“వాన పైనుంచి కదా పడేది, పైన కొట్టండి,” అన్నాను.

“పైన కొడితే కారంతా తడుస్తుంది. ఏ కన్నంలోంచి దిగిందో ఎలా తెలుస్తుంది? కింద మొదలెట్టాలి. అక్కడ కాదని తేలాక జానెడు పైకి. మళ్లీ ఆగి చూడాలి.”

అడుగున ఏమీ లేదు. తలుపు రబ్బరు చుట్టూ కొట్టాడు. లోపల అత్తయ్య తల అడ్డంగా ఊపింది. పౌడరు చెక్కుచెదరలేదు.

“చెప్పానుగా, రబ్బరు కాదని,” అన్నాడు మావయ్య, కళ్లయినా ఆర్పకుండా.

అద్దాల అంచులు కూడా అయిపోయాయి. చివరికి కారు కప్పు మీద యాంటెనా మొదట్లో నీళ్లు కొట్టాడు. కాసేపటికి వెనక సీటు పక్కన, పౌడరు మీద సన్నటి గీత ఒకటి మెలికలు తిరుగుతూ కిందికి దిగింది. అత్తయ్య టార్చిలైటు ఊపింది. నీళ్లు సీటు కిందికి చేరాయి. టక్! అన్ని తలుపులూ ఒకేసారి తాళం పడ్డాయి.

తాళంచెవి లోపల. అత్తయ్య లోపల. నేను బయట.

“లోపలి పిడి లాగవే!” అని మావయ్య అద్దం మీద కొట్టాడు.

అత్తయ్య తీరిగ్గా అద్దాన్ని రెండు వేళ్ల మేర దించింది. “వంటింట్లో కుళాయి కారుతోందని మీకు ఎన్నాళ్ల నుంచి చెబుతున్నాను?”

“ఇప్పుడా ఆ గొడవ?”

“ఇప్పుడే. ఇక్కడ హాయిగా ఉంది. మీ గొంతు వినపడట్లేదు, పౌడరు వాసన కూడా బాగుంది. నాకేం తొందర లేదు.”

“ఇవాళే చేస్తా, దిగు!”

“అమ్మాయ్, నువ్వే సాక్షివి,” అని, పిడి లాగి దర్జాగా దిగింది, జుట్టంతా పౌడరుతో తెల్లగా.

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. “అత్తయ్య కాబట్టి పిడి లాగింది. పాప లాగలేదు కదా,” అన్నాను.

మావయ్య నవ్వు ఆపేశాడు. సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. దాని కింది స్పాంజి పిండితే నీళ్లు కారాయి. తలుపు తాళాల వైర్లు కలిసే చోట ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. రాగి, నీరు, గాలి. పరీక్షల్లో నేను పేజీలకు పేజీలు రాసిన సంగతే, నా కూతురి సీటు కింద పేరుకుని ఉంది.

యాంటెనా కింద కొత్త రబ్బరు వేశాడు. చిలుము పట్టిన ముక్క కోసేసి కొత్తది పెట్టి, ఈసారి నేలకు తగలకుండా పైకి కట్టాడు. స్పాంజిని ఎండలో ఆరేశాడు. అది ఆరాక అన్నీ బిగించి, మళ్లీ పౌడరు చల్లి, లోపల నన్ను కూర్చోబెట్టి, పాపను అత్తయ్యకిచ్చి, కింద నుంచి పైదాకా నీళ్లు కొట్టాడు. తలుపుల్లో చప్పుడు లేదు. పౌడరు మీద ఒక్క గీత లేదు.

“ఇంకో తాళంచెవి నీ మెళ్లో వేసుకో. నా పని మీద నమ్మకం లేక కాదు, నీ భయం మీద నమ్మకంతో చెప్తున్నా,” అన్నాడు.

అప్పుడే పాప అత్తయ్య చేతుల్లో గుక్కపట్టింది. నేను ఒక్క అంగలో కారు దిగి నుదురు తడిమాను, చెవులు చూశాను, మాడు మీద చెయ్యి పెట్టాను. మెదడుకు వచ్చే జబ్బుల పేర్లన్నీ వరసగా నోటికొస్తున్నాయి.

మావయ్య పైపు కింద పడేసి వచ్చి, పాప దగ్గరికి వంగి వాసన పీల్చి, “చెమ్మ,” అన్నాడు.

డైపరు నిండిపోయి ఉంది.

“మళ్లీ పైనుంచి మొదలెట్టావు చూశావా? కింద చూడు. అక్కడ కాదని తేలితే జానెడు పైకి, పొట్ట చూడు. అదీ కాదంటేనే తలదాకా వెళ్లు, అప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తు, నేనొద్దనను.”

సోమవారం నుంచి ఆ కార్లోనే తిరుగుతున్నాం. రెండో తాళంచెవి నా మెళ్లోనే ఉంది. పాప ఏడ్చినప్పుడల్లా నా మనసు ఇప్పటికీ ముందు తలవైపే పరిగెడుతుంది. చేతులు మాత్రం మావయ్య మాటే వింటున్నాయి: ముందు డైపరు, తర్వాత పొట్ట, అక్కడ కాదని తేలాకే పైకి.