మదాం అంటే ఎవరు

కొత్త చీర మడత విప్పితే చాలు, రాళ్లు అతికించిన జిగురు వాసన గుప్పుమంటుంది. దాంతోపాటే సూరత్ లింబాయత్‌లోని మా గల్లీ, పొద్దంతా మగ్గాల మోతకి వణికే గోడలు, గడపలో చీర పరుచుకుని ఒక్కో రాయీ అద్దే అమ్మ గుర్తొస్తారు. వెంటనే ఒళ్లు మండుతుంది.

కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికొచ్చిన కుటుంబాలు మావి. బతుకమ్మకి, తంగేడు దొరకని ఆ ఊళ్లో బజారు బంతిపూలే పేర్చి, మలీద ముద్దలు, నువ్వుల సద్ది పంచుకుంటూ, వదినె, అత్త, చెల్లె అని పిలుచుకుంటూ ఆడవాళ్లు చప్పట్లు కొట్టి తిరుగుతుంటే, వాళ్ల చేతుల మీది జిగురు మరకలు ఎవరికీ కనిపించేవి కావు. ఒక ఏడు బడిలో టీచరమ్మ మాకు ఫ్రెంచి నేర్పుతూ, రొట్టెలమ్మే ఆమెనైనా మంత్రిగారి భార్యనైనా ఆ దేశంలో "మదాం" అనే పిలుస్తారని, పిలవకపోతే మర్యాద తెలియనట్టేనని చెప్పింది. నేను పరుగున వచ్చి బతుకమ్మ చుట్టూ ఉన్నవాళ్లందరినీ మదాం అన్నాను. "ఏందే, గట్ల పిలుస్తున్నవ్? జర ఊకో, నవ్వాగుతలేదు" అంది అమ్మ. అంటూనే మళ్లీ మళ్లీ పిలిపించుకుంది.

దసరా సెలవులయ్యాక తల్లులను బడికి రమ్మన్నారు. డాక్టరుగారి భార్యకి "ఆయియే మేడమ్" అంటూ కుర్చీ జరిపిన ఆ టీచరమ్మే, కొంగులో చేతులు దాచుకుని వచ్చిన మా అమ్మతో "ఏయ్ బాయీ, చెప్పులు బయట" అంది. డాక్టరుగారి భార్య చెప్పులు మాత్రం ఆమె కాళ్లకే ఉన్నాయి. నేను లేచి, మదాం అనాలి కదా టీచర్, అని అడిగాను.

"వో తో కితాబ్ కీ బాత్ హై. బైఠ్ జా."

పుస్తకంలో మాటట, కూర్చోవాలట! మరి మాకెందుకు నేర్పినట్టు, మార్కులు వేయడానికా? నేను ఉడికిపోతుంటే, అమ్మ చెప్పులు విడిచి గోడవారన నిలబడింది.

ఇప్పుడు మా గల్లీలో గోదాములున్నాయి. మగ్గాలు ఊరికి దూరంగా కిమ్ వైపు తరలిపోయాయి, వదినె, అత్త అని పిలిచిన గొంతులు తలోదిక్కూ అయ్యాయి. "ఏయ్" మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర పొరుగాయన అమ్మను చూసి, "ఏయ్, కామ్‌వాలీ సీఢీ సే" అన్నాడు, పనిమనుషులు మెట్లెక్కే పోవాలని. ఈమె మా అమ్మ, నేనుండే ఇల్లు ఈమెది అని నలుగురూ బయటికొచ్చేలా అరిచాను. తప్పయిందని అనేదాకా అతన్ని కదలనివ్వలేదు. తీరా పక్కకి తిరిగితే అమ్మ లేదు. మోకాలు పట్టుకుని మెట్లెక్కుతోంది.