జంట కిటికీకి వేసిన టేపు

లైప్‌జిగ్‌లో మేం అద్దెకు దిగిన పాత బిల్డింగులో అన్నీ జంట కిటికీలే. బయట ఒక జత రెక్కలు, లోపల ఇంకో జత, మధ్యలో జానెడు ఖాళీ. కాస్టెన్‌ఫెన్‌స్టర్ అంటారు, పెట్టె కిటికీ అన్నమాట. చెక్క వంగిపోయి సందుల్లోంచి సన్నగా గాలి కొడుతూనే ఉండేది. మార్చమంటే, పాత కట్టడం, మేకు కూడా కొట్టనివ్వరు అన్నాడు ఓనరు. ఆ గాలిని ఎంత తిట్టుకున్నానో! అదే మమ్మల్ని బతకనిస్తోందని నాకేం తెలుసు?

వంటగది గోడకి గ్యాస్ టెర్మె, అంటే గ్యాస్ బాయిలరు, ఉండేది. వేడినీళ్ళకీ, హీటర్లకీ అదే. దాని మంట గదిలో గాలిని పీల్చుకుని, పొగని గొట్టంలోంచి పైకి పంపాలి. గదిలో గాలి లేకపోతే పొగ వెనక్కి తిరిగి మన మీదికే వస్తుందట. వాసన కూడా ఉండదట. ఇదంతా తర్వాత ఫైరింజన్ వాళ్ళు చెప్పారు.

చలికాలంలో మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నన్ను తిట్టందే ఆవిడకి కాఫీ దిగదు. వచ్చిన రోజే, "ఒరేయ్, ఇదేం కిటికీరా, జల్లెడ లాగుంది" అంది. అమ్మ అన్నాక మా ఆయన ఆగుతాడా? శనివారం కూర్చుని రెండు జతల రెక్కలకీ రబ్బరు అంటించి, పైన వెడల్పాటి టేపు బిగించాడు. "కాస్త తెరుచుకోనీ" అన్నాను. "అమ్మ వణుకుతుంటే నీకు ఊపిరాడట్లేదా?" అన్నాడు. 

మర్నాటి నుంచి అత్తయ్యకి తలనొప్పి. పోపు ఘాటు మెట్ల దాకా పోతోందని ఎగ్జాస్ట్ ఫ్యాను పొద్దస్తమానం తిరిగేది, ఇంట్లో ఉన్న కాస్త గాలినీ బయటికి తోస్తూ. పార్కుకి తీసుకెళ్తే నొప్పి తగ్గేది. ఇంటికొస్తే మళ్ళీ మొదలు. దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి, "ఘాటే రాలేదు చూశావా అమ్మాయ్, ఎంత దిష్టో!" అంది. వచ్చిన ఘాటుని ఫ్యాను లాక్కుపోతుంటే ఎలా వస్తుంది? ఆవిడ మొహం మాత్రం ఎర్రగా నిగనిగలాడుతుండేది. ఇక్కడి నీళ్ళు పడ్డాయని మురిసిపోయాం కూడా, మా బుద్ధి మండ!

ఆ రోజు నేను జర్మన్ క్లాసు నుంచి వస్తుంటే కింది వాటా పెద్దావిడ మెట్ల మీద కలిసింది. పులిహోర పంపిన స్టీలు డబ్బా తిరిగివ్వడానికి నాతోపాటు పైకొచ్చింది. వంటగదిలో ఫ్యాను హోరు. అత్తయ్య టెర్మె పక్కన కుర్చీలో, వెచ్చగా ఉంటుందని, తల వాల్చి నిద్రపోతోంది. పాపం లేపడమెందుకని ఊరుకున్నాను.

పెద్దావిడ టేపు చూసింది, టెర్మె మీది నల్లటి మసి చూసింది. గబగబా అగ్గిపుల్ల గీసి దాని సందు దగ్గర పెట్టింది. మంట లోపలికి పోకుండా ఆవిడ మొహం మీదికే వంగింది. "త్సీట్ నిష్ట్!" అని అరిచింది.

ఆ మాట నాకు బాగా తెలుసు. ట్రామ్‌లో ఎవరన్నా కిటికీ తీస్తే చాలు, ముసలమ్మలు మెడకి స్కార్ఫు బిగించుకుంటూ "ఎస్ త్సీట్" అని గొణుగుతారు, చలిగాలి కొడుతోందని. నిష్ట్ అంటే లేదు. చలిగాలి లేదంటోంది, మెచ్చుకుంటోంది! "డాంకె, మా ఆయనే వేశాడు" అని నవ్వాను కూడా.

ఆవిడ అన్నది గొట్టం పొగ లాగడం లేదని; దానికీ అదే మాటట, తర్వాత తెలిసింది.

ఆవిడ నన్ను వింతగా చూసి, కిటికీ దగ్గరికెళ్ళి టేపు పీకడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో, మా అత్తయ్య కోసం అంటించుకున్నది, నువ్వెవరివి? చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ పీకుతుంటే నేను మళ్ళీ అంటిస్తున్నాను. ఇద్దరం చెరో భాషలో అరుచుకుంటున్నాం. అంత గోలలో అత్తయ్య కదల్లేదు. చీమ చిటుక్కుమంటే లేచి "ఎవరది?" అనే మనిషి!

అప్పుడు ఆవిడ అత్తయ్య వైపు వేలు చూపించి "గాస్!" అంది.

రెండు జతల రెక్కలూ ఇద్దరం కలిసే తెరిచాం. అత్తయ్యని కుర్చీతో సహా మెట్ల మీదికి లాక్కొచ్చాం. అత్తయ్యా, అత్తయ్యా అని నేను చెంపలు కొడుతుంటే ఆవిడ ఫోన్ చేసింది.

బతికింది. ఆసుపత్రిలో చాలాసేపు ఆక్సిజన్ పెట్టారు. నడుస్తుంది, తింటుంది, గుంటూరు వెళ్ళిపోయింది కూడా. కొడుకుని గుర్తుపడుతుంది. వీడియో కాల్‌లో నేను కనిపిస్తే మాత్రం పైట సర్దుకుంటుంది.

"నమస్కారమండీ. మా వాడున్నాడాండీ?"

"నేను అత్తయ్యా, మీ కోడల్ని."

"అలాగాండీ. భోజనాలయ్యాయా?"

పెళ్ళయిన దగ్గర్నుంచి నన్నొక్కసారి కూడా ‘మీరు’ అని పిలవని మనిషి. ఉండబట్టలేక మొన్న ఏడుస్తూ అడిగాను, ఒక్కసారి తిట్టండి అత్తయ్యా అని.

"అయ్యో, మిమ్మల్నెందుకు తిడతానండీ" అంది.