గేటు పడినప్పుడు

మా మేనత్త పోయింది. గురువారం పొద్దున్న గోల్‌బజార్‌లో తను పనిచేసే బట్టల కొట్టుకి బయల్దేరుతూ, ఒక కాలు చెప్పులో పెట్టి, గుమ్మంలోనే కూలబడిపోయింది. గుండె అన్నాడు డాక్టరు. నాకు ఆ కబురు చెప్పింది ఇంట్లోవాళ్లు కాదు. ఇందా అనే పేటలో ట్యూషన్ చెప్పి వస్తుంటే, రైలు గేటు వేసే దాదా నా సైకిలుకి అడ్డంగా వచ్చాడు. "దీదీ ఆర్ నేఇ" అన్నాడు. దీదీ ఇక లేదని. అంత పెద్దమనిషి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ గేటు గురించి చెప్పకుండా మా అత్త గురించి చెప్పలేను. ఈ బెంగాలీ ఊళ్లో మా తెలుగువాళ్ల బస్తీ పట్టాలకి అవతల ఉంది. బడి, బజారు, ఆసుపత్రి, నాన్న పనిచేసే వర్క్‌షాపు, చివరికి శ్మశానం కూడా ఇవతలే. మధ్యలో ఉన్నది ఒక్క గేటు. అది పడిందంటే సైకిళ్లు, ఆటోలు, చేపల గంపలు అన్నీ ఆగాల్సిందే. ఎక్కడికీ పోలేని జనం అలా నిలబడి ఉండడం చూసి, వీళ్లకి కవిత చెప్పొచ్చని మా అత్తకి తట్టింది.

మొదటి రోజు నేను కాన్వెంటు యూనిఫాంలో ఆమె సైకిలు వెనక కూర్చుని ఉన్నాను. గేటు పడింది. ఆమె దిగి, హ్యాండిల్ నా చేతికిచ్చి, మా వీధి మురిక్కాలవ మీద కవిత అందుకుంది. నాకు ఆ సైకిలు కింద దూరిపోవాలనిపించింది.

"ఏటమ్మా, నాటకమా?" అన్నాడు డ్యూటీ దిగి వస్తున్న ఒకాయన.

"నాటకమైతే టిక్కెట్టు ఎడుదును గదా బావా. ఊరకనే, ఇను."

జనం నవ్వారు. అందరి చేతులూ హ్యాండిళ్ల మీద ఉన్నాయి కాబట్టి చప్పట్లు కొట్టడానికి లేదు. ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. పక్కనున్నాయన కూడా కొట్టాడు. అప్పట్నించీ అదే మా ఊరి ఆనవాయితీ: కవిత బాగుంటే బెల్లు, లేకపోతే దగ్గు.

అత్త ఏదీ కాగితం మీద పెట్టేది కాదు. కొట్టులో జాకెట్టు గుడ్డలు చింపుతూ, ఆ చప్పుడుకి తగ్గట్టు కవిత పాదాలు కట్టుకునేది. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో బెంగాలీకి మారి, ఎవర్నైనా తిట్టాల్సి వస్తే హిందీకి వెళ్లేది. గేటు పడిన దగ్గర్నించి రైలొచ్చేదాకా ఎంతసేపు దొరుకుతుందో కవిత అంతే ఉండాలి. దాదా తన గదిలోంచి "గాడీ ఆస్‌ఛే దీదీ, శేష్ కొరో!" అని అరిచేవాడు, రైలొస్తోంది ముగించమని. ఆమె మాత్రం రైలొచ్చినా ఆపేది కాదు. ఇంజను చప్పుడులో కూడా చెప్తూనే ఉండేది.

"ఎవరికీ వినబడదు కదత్తా?" అని అడిగాను ఒకసారి.

"ఇనబడకపోతే ఏటి? నోరు ఆడతన్నట్టు కనబడద్ది గదా. ఆపీసిందని మాత్రం ఎవులూ అనుకోకూడదు."

కలకత్తాలో ఇలాగే వేదికెక్కి కవితలు చెప్పే పోటీలు ఉంటాయని, స్లామ్ అంటారని, కాలేజీ పిల్లలు చెప్పి ఆమెని తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. కాఫీ హోటల్లో చల్లగా ఉంది. కవిత నచ్చితే అక్కడ చిటికెలు వేస్తారు. మైకు పట్టుకున్న అబ్బాయి, "దీదీ, ముందు అర్థం చెప్తారా?" అని మర్యాదగానే అడిగాడు. "ముందు ఇను నాన్నా, అర్థం దానంతటదే వొస్తాది" అంది. ఆమెకి మార్కులు తక్కువొచ్చాయి. తిరుగు రైల్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ, "సిటికెలు బాగున్నాయే గుంటా, గానీ నిద్దరొచ్చీసినట్టున్నాది. మన బెల్లే బెల్లు" అంది. మళ్లీ పిలిచారు, మళ్లీ వెళ్లింది. చివరికి అక్కడి పిల్లలే ఆమె కోసం మా గేటు దాకా వచ్చి ఎండలో నిలబడడం మొదలుపెట్టారు.

నేను మాట్లాడితే పక్కవాళ్లకే వినబడదు. మెల్లగా మాట్లాడమని బడిలో నేర్పారు, నాకది కష్టం కూడా కాలేదు. అత్త మాత్రం ఒప్పుకునేది కాదు. "సిస్టర్లు నీకు ఇంగ్లీసు ఇచ్చినారు, బాగున్నాది. గొంతు ఏ పెట్టెలో దాసీసినారే?" అనేది. నేను పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

నిరుడు రైల్వేవాళ్లు ఆ గేటు తీసేసి గోడ కడతారని తెలిసింది. దూరంగా ఉన్న సబ్‌వే వాడుకోవాలట. వానాకాలం ఆ సబ్‌వేలో నడుం లోతు నీళ్లుంటాయి. అత్త ఆడవాళ్లని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. ఈలోగా ఇటుకలు దిగాయి. మర్నాడు మేస్త్రీ పని మొదలుపెడదామని వచ్చేసరికి మా అత్త ఆ ఇటుకల గుట్ట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"దీదీ, ఉఠియే. కామ్ హై" అన్నాడు మేస్త్రీ.

"నాకూ పనే గదా దాదా. కూరొండుకోవాల."

ఆ మర్నాడు మా అమ్మ వంకాయలు పట్టుకెళ్లింది. తర్వాత బస్తీ ఆడవాళ్లంతా కూరగాయలు, కత్తిపీటలతో అక్కడికే చేరారు. మేస్త్రీ రోజూ వచ్చి, ఈవేళ ఏం కూరని అడిగి వెళ్లిపోయేవాడు. గోడ లేవలేదు. అలాగని రైల్వేవాళ్లు ఆ మాట వెనక్కీ తీసుకోలేదు. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచింది. ఆ గుట్ట మీదే ఆమె ఆఖరి కవిత కట్టింది:

రైలుకి దారిచ్చి నిలబడ్డోలం,
ఎండలో నిలబడ్డోలం, వానలో నిలబడ్డోలం.
మా దారికి గోడెడతామంటే
ఏ పక్కన నిలబడాల?

శుక్రవారం ఆమెని తీసుకెళ్తుంటే ఆడవాళ్లం కూడా వెనకే నడిచాం. "ఆడోల్లు గేటు కాడ ఆగిపోవాల. దాటకూడదు" అన్నాడు పెదనాన్న. సరిగ్గా మేం వచ్చేసరికి గేటు పడింది. పాడెని ఇటుకల గుట్ట పక్కన దించారు. "దింపుడు కళ్లం ఇక్కడే కానిచ్చీండి" అన్నారెవరో. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందేమోనని చెవిలో మూడుసార్లు పిలవాలి. నాన్న వంగి "సెల్లీ" అని ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలవబోయి ఆగిపోయి, నా వైపు చూశాడు.

నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెవి దగ్గర పెదాలు పెట్టాను. పిలుపు రాలేదు, ఆ కవిత వచ్చింది. ఇంత మెల్లగా చెప్తే ఒప్పుకోదని తెలుసు. లేచి నిలబడ్డాను. గట్టిగా మొదలుపెట్టాను.

గూడ్సు బండి వచ్చింది. నేను ఆపలేదు. నా మాట నాకే వినబడలేదు. అమ్మ నా నోటి వైపే చూస్తోంది. ఆఖరి పెట్టె వెళ్లిపోయింది. దాదా చెయ్యి గేటు ఎత్తే పిడి మీద ఉంది, కానీ తిప్పడం లేదు. అటూ ఇటూ ఆగిన ఆటోల్లో ఒక్కటీ హారన్ కొట్టలేదు.

"ఏ పక్కన నిలబడాల?" అన్నాను.

వెనక ఎక్కడో ఒక బెల్లు మోగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత పట్టాలకి అవతల నిలబడ్డవాళ్లవి కూడా.

గేటు లేచింది. పాడె ఎత్తారు. మేం ఆడవాళ్లం నిలబడ్డచోటే ఉన్నాం. పెదనాన్న నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, మమ్మల్ని ఒకసారి, ఆ ఇటుకల్ని ఒకసారి చూశాడు.

"ఏటలగ నిలబడిపోనారు? బేగి రండి. మల్లీ గేటు పడిపోద్ది."

మేం పట్టాలు దాటాం. మా వెనక బెల్లులు మోగుతూనే ఉన్నాయి.