పావురాలు తిన్న డబ్బా

పంతొమ్మిదేళ్ళుగా అతని కొలువు నేలకి నూటముప్పై అడుగుల ఎత్తున. కట్టే భవనాల పక్కన నిలబెట్టే క్రేన్‌కి నెత్తిమీద అగ్గిపెట్టెలాంటి గది ఒకటి ఉంటుంది. అందులో కూర్చుని ఇనుమూ సిమెంటూ పైకి లాగేవాడు. పొద్దున్నే నిచ్చెనెక్కితే మళ్ళీ సాయంత్రమే దిగడం. మధ్యలో ఒంటేలుకి ఒక ఖాళీ సీసా. ఆ సీసాయే గుట్టు బయటపెట్టింది. రోజంతటికీ ఒకటి సరిపోయేది కాస్తా, మధ్యాహ్నానికే రెండు నిండసాగాయి.

రక్తపరీక్ష చేయిస్తే షుగర్ అన్నారు. డాక్టరు మాత్ర రాసిచ్చి, అది వేసుకున్న అరగంటలో తినాలనీ, వేళ తప్పకూడదనీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. భార్య ఆ కాగితాన్ని వంటగది తలుపుకి అంటించింది. అన్నం చిన్న గిన్నెతో కొలవడం మొదలుపెట్టింది. పంచదార డబ్బా పైఅరకి చేరింది. రోజూ నూటముప్పై అడుగులు ఎక్కేవాడికి ఆ అర ఒక లెక్కా అని అతను నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

అతని దిగులు వేరు. నెల తిరిగేసరికి కంపెనీ ఏటా చేయించే పరీక్ష. అంకె ఎక్కువొస్తే ఆ గది తాళంచెవి తీసేసుకుంటారు. నేలమీద చేసే పని అతనికి ఒక్కటీ రాదు. మాత్రకి పస్తు కూడా తోడైతే అంకె ఇంకా తొందరగా దిగుతుందనుకున్నాడు. మాత్ర మింగి నోరు కట్టుకునేవాడు. భార్య కట్టిచ్చిన డబ్బాలోదంతా కిటికీ అవతలి రేకు మీద పావురాలకి పోసేవాడు. ఖాళీ డబ్బా కడుగుతూ భార్య, ఇంత తింటున్నా చిక్కిపోతున్నావేమని అడిగితే, పథ్యం పనిచేస్తోందనేవాడు.

పరీక్ష ఇంక రెండు రోజులుందనగా, పదిగంటలవేళ ఇనుపచువ్వల కట్ట ఎత్తాడు. కింద వాకీటాకీ పట్టుకుని దారి చెప్పేది అతని బావమరిదే. కట్ట సగం పైకొచ్చేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. తిప్పే పిడి ఏదో, దించే పిడి ఏదో తెలియలేదు. ఏదో ఒకటి లాగాడు. కట్ట ఊగుతూ వచ్చి సరిగ్గా బావమరిది పసుప్పచ్చ టోపీకి పైన ఆగింది.

"బావా, చెయ్యి తియ్యి. దేన్నీ ముట్టుకోకు." కట్ట కిందనుంచి తను తప్పుకున్నాక మళ్ళీ అదే నెమ్మదైన గొంతు. "తిన్నావా?"

లేదన్నాడతను.

"అక్క ఇచ్చిన డబ్బా తెరువు. తిను. నువ్వు నమలడం నాకు వినపడాలి."

పావురాలొచ్చే వేళ కాలేదు కాబట్టి డబ్బా నిండుగానే ఉంది. వాకీటాకీ బటన్ నొక్కిపట్టి అరటిపండు తిన్నాడు, రొట్టె నమిలాడు. పావుగంటకి చేతులు స్వాధీనంలోకి వచ్చాయి. కట్టని నేలకి దించి, తనూ దిగివచ్చాడు.

ఎవరూ చూడలేదు, ఎల్లుండి పరీక్ష గట్టెక్కనీ అని బావమరిది గొంతు తగ్గించి అన్నాడు.

"నీ నెత్తిమీద పెట్టాను రా కట్ట," అన్నాడతను.

తిన్నగా వెళ్ళి సూపర్‌వైజరు బల్లమీద తాళంచెవి పెట్టి జరిగింది చెప్పాడు. స్టోరులో ఏదైనా పని ఉంటే చూస్తానన్నాడు సూపర్‌వైజరు. అలాంటి పనేదీ లేదనే ఆ మాటకి అర్థమని ఇద్దరికీ తెలుసు.

బయటికొచ్చాక గుర్తొచ్చింది, డబ్బాతోపాటు రెండు సీసాలూ పైనే ఉన్నాయని. కొత్తవాడి కంటబడితే పరువుపోతుంది. ఒక్కసారి ఎక్కి తెచ్చుకుంటానని వెనక్కెళ్ళి అడిగాడు. ఇక ఎక్కకూడదన్నారు. ఎత్తంటే కాళ్ళు వణికే బావమరిది, నేను తెస్తాలే అని నిచ్చెన పట్టుకున్నాడు.

అతను కింద నిలబడి వాకీటాకీ అందుకున్నాడు. "కిందికి చూడకు. ఒక్కో మెట్టే ఎక్కు. గాలేస్తే ఆగు."

చాలాసేపటికి పైనుంచి ఆయాసపడుతున్న గొంతు వినిపించింది. "బావా, రేకు మీద పావురాలు బారులు తీరి కూర్చున్నాయి. నన్ను చూసి ఒక్కటీ ఎగరదేం?"

వాటి భోజనం వేళైందని చెప్పబోయి, నొక్కిన బటన్ వదిలేశాడు.