మా ఇంటి కప్పు మీద సజ్జ చేను

ఇంటి కప్పు మీద పంట పండించి, ఆ పంటతో కుదరబోయే పెళ్లికి ఎసరు పెట్టుకున్న ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. అది నేనే.

డెబ్బైల చివర్లో సంగతి. జహీరాబాద్‌లో రైలు గేటు అవతల కొత్తగా లేచిన బస్తీలో మాది మట్టి గోడల గడ్డి ఇల్లు. ఇంట్లో నేను, మా అమ్మ. నాకు కొత్తగా ఉద్యోగమొచ్చింది, దాంతోపాటు లోకంలో నాకు తెలియనిది లేదన్న నమ్మకం కూడా వచ్చింది. న్యాల్‌కల్ వైపు ఒక పల్లెలో సుగుణను చూసి వచ్చినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఆమె తండ్రి నాగప్ప మాత్రం గడ్డి ఇంటికి పిల్లనివ్వనని కబురంపాడు. చిన్నప్పుడు ఆయన ఇల్లు ఎండాకాలంలో కాలి బూడిదైందట. విత్తనాలు వేయడం అయ్యాక వచ్చి మా ఇల్లు చూస్తానని, అప్పుడే ఏదో ఒకటి తేలుస్తానని అన్నాడు.

గడ్డి మీద మట్టి మెత్తితే నిప్పంటుకోదని, ఎండకు ఇల్లు చల్లగా కూడా ఉంటుందని రేడియోలో విన్నాను. ఇంకేం, ఎర్రమట్టి తోలించాను. మట్టికి పట్టు రావాలని పక్కింటి మొగులమ్మ దగ్గర సజ్జ పొట్టు గంపలకొద్దీ మోసుకొచ్చాను.

అమ్మ చూసి, "పొట్టుల గింజలుంటయి కొడుకా. పేడ కలిపి గుంటల మురగనియ్యి, పదిహేను దినాలైనంక మెత్తు" అంది.

"నువ్వు ఫికర్ జెయ్యకే అమ్మా" అని ఆ పూటే మెత్తేశాను.

ఆ ఎండాకాలం ఇల్లు ఎంత చల్లగా ఉందనుకున్నారు! మిట్టమధ్యాహ్నం బస్తీలో సగం మంది మా ఇంట్లోనే కునుకు తీసేవారు. అమ్మ వాళ్లకు కుండ నీళ్లందిస్తూ, ఇదంతా మా కొడుకు పనే అని మురిసిపోయేది. తర్వాత ఎన్ని కూలర్లు కొన్నా ఆ చల్లదనం దొరకలేదు. అమ్మా లేదిప్పుడు. సరే, మనం నవ్వుకోవడానికి కూర్చున్నాం కదా.

మృగశిర వాన పడింది. నాలుగు రోజులకు కప్పంతా పచ్చటి మొలకలు. నిచ్చెన వేసుకుని పీకబోతే మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తోంది. పోనీలే, ఎండకు అవే మాడిపోతాయని వదిలేశాను. అవి నా మీద కక్షగట్టినట్టు జానెడెత్తు పెరిగాయి. మొగులమ్మ మేకలు వెనక గోడ మీదుగా కప్పెక్కి మేయడం మరిగాయి.

సరిగ్గా అప్పుడే నాగప్ప దిగాడు. వాకిట్లో ఆగి, తల పైకెత్తి కప్పు చూశాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. నేను అగ్గి భయం లేని ఇంటి గురించి ఉపన్యాసం అందుకున్నాను. ఇంతలో నెత్తిన టపటపమని చప్పుడు.

"ఏంది పిల్లగా అది?"

"ఎలుకలు" అన్నాను. పైనుంచి "మే" అని వినిపించింది.

"ఎలుకలు మే అంటయా?"

ఆ మాట పూర్తయ్యేలోపే కప్పు చిరిగి రెండు మేక కాళ్లు కిందికి దిగాయి. గాల్లో తన్నుకుంటూ ఆయన చాయ్‌లోకి, తలపాగా మీదికి మట్టి రాల్చాయి. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సుగుణ ఇక నాకు దక్కదని తేలిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

నాగప్ప తీరిగ్గా తలపాగా విప్పి దులుపుకున్నాడు. "మా చేన్ల ఇంకా మొలకనే రాలే. నీ కప్పు మీద మేకలు మేస్తున్నయి" అన్నాడు. నేను తల వంచుకున్నాను. "గింత పచ్చిగున్న ఇంటికి అగ్గి ఎట్ల అంటుకుంటది పిల్లగా? పిల్లనిస్త. ముందుగాల ఆ మేకను దింపు."

ఝరాసంగం శివుడి మీద ఒట్టు, ఈ జన్మలో ఇక మురగని మట్టితో కప్పు మెత్తను. ఒకవేళ మెత్తినా పెళ్లైతే అయిపోయింది, వాళ్లిప్పుడు పిల్లను వెనక్కి తీసుకోరు.