మావయ్య చేతిలో తెల్లమూత డబ్బా

మా మావయ్య ఎవరినీ "బాగున్నారా" అని అడగడు. జేబులోంచి తెల్లమూత డబ్బా తీసి చేతిలో పెడతాడు. "రేపు పొద్దున్నే. శనగగింజంత చాలు" అంటాడు. పశువుల కడుపుకీ మనుషుల కడుపుకీ మధ్య రాకపోకలు సాగించే పురుగుల మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన ఆయనది. ఆయన లెక్కలో లోకంలో రెండే జాతులు: డబ్బా ఇచ్చినవాళ్లు, ఇవ్వాల్సినవాళ్లు.

మా అక్క పెళ్లిలో భోజనాల బల్లల వెంట వరసగా డబ్బాలు పంచుకుంటూ పోయాడు. పెళ్లికొడుకు తండ్రి అదేదో కానుక అనుకుని పైకెత్తి నలుగురికీ చూపించాడు. అది మలపరీక్ష డబ్బా అని తెలిశాక మా అమ్మ సొంత తమ్ముడితో ఆరు నెలలు మాట్లాడలేదు.

నేను కాలేజీ మధ్యలో మానేశాను. దేనికీ పనికిరానని అందరూ తేల్చేశాక, డబ్బాలకు నంబరు చీటీలు అంటించడానికి పనికొస్తానని మావయ్యే కనిపెట్టాడు.

మావయ్యా నేనూ పనిచేసే పరిశోధన ఆఫీసు గోడ మీద "జంతువుల ఆరోగ్యమే మన ఆరోగ్యం" అని నిలువెత్తు బోర్డు. దాని నీడలో క్యాంటీన్ అక్క పెంచుకునే గోధుమరంగు కుక్క పడుకుంటుంది. డైరెక్టరు గారు ఆ బోర్డు పక్కన ఫొటో దిగినప్పుడల్లా ముందు కుక్కను తరిమిస్తారు.

ఒకరోజు ఆయన తాఖీదు పంపారు. కుక్కకు పురుగులున్నాయని అనుమానం, వారంలో పంపేయాలి, దాన్ని ముట్టుకున్న చేతులతో వండే మనిషి ఉద్యోగం సంగతీ ఆలోచించాలి. అక్క ఒక చేత్తో ఆ కాగితం, కొంగు చాటున ఇంకేదో పట్టుకుని మావయ్య గదిలోకి వెళ్లింది. పావుగంట తర్వాత కళ్లు తుడుచుకుంటూ వట్టి చేతులతో బయటికొచ్చింది.

మర్నాడు మావయ్యకు పూనకం వచ్చింది. స్వీపరు మొదలు డైరెక్టరు దాకా నలభై రెండు మందికీ డబ్బాలు. పేర్లుండవు, నంబర్లే. ఎవరి ఫలితం వాళ్లకే, అంటించిన కవర్లో. అందరూ తిట్టుకుంటూనే ఇచ్చారు. డైరెక్టరు గారు మాత్రం అది తన హోదాకు తగదన్నారు. మావయ్య డబ్బా పట్టుకుని మూడు రోజులు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చిపోయే పెద్దమనుషులకల్లా ఎందుకు నిలబడ్డాడో వివరంగా చెప్పాడు. నాలుగో రోజు డబ్బా వచ్చింది, మూడు కాగితాల్లో చుట్టి, పైన "రహస్యం" అని ముద్ర వేసి.

పదకొండు మందికి కొంకిపురుగులు తేలాయి. మీటింగులో మావయ్య లేచాడు.

"ఇవి వంటలోంచి రావండి. కుక్క తిరిగే మట్టిలో వట్టికాళ్లతో నడిస్తే పాదంలోంచి ఎక్కుతాయి. మందుకు లొంగుతాయి."

అందరి కళ్లూ డైరెక్టరు గారి పాదాల మీదికి పోయాయి. బీపీ తగ్గడానికని రోజూ పొద్దున ఆఫీసు పచ్చికలో చెప్పులు విప్పి అరగంట నడిచేది ఆయనే. ఆయన తన కవరు చింపి, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మూగజీవి, పాపం. ఉండనివ్వండి," అన్నారు. వంటమనిషి ఊసే ఎత్తలేదు. కుక్కతో సహా అందరం మాత్రలు మింగాం.

సాయంత్రం డబ్బాల మీది చీటీలు గీకుతూ అడిగేశాను. "అనుమానం ఒక్కచోట ఉంటే ఇంతమందిని ఎందుకు ఏడిపించావు మావయ్యా?"

"ఒక్కరిని అడిగితే అవమానంరా. అందరినీ అడిగితే సర్వే."

ఆ రోజు క్యాంటీన్ అక్క కొంగు చాటున తెచ్చింది తన డబ్బానే అని అప్పుడు వెలిగింది. ఇంకోటీ వెలిగింది. పెళ్లినాటికి రెండు మెట్లెక్కితే ఆయాసపడుతూ, పరీక్ష అంటే ససేమిరా అనే అమ్మమ్మ ఆ బల్లల వరసలోనే కూర్చుంది. నలుగురితో పాటు డబ్బా అందుకుంది. మావయ్య బలానికని ఏవో మాత్రలిచ్చాక, నెల తిరక్కుండా ఆమె ముఖంలోకి రంగొచ్చింది. మనవరాలి పెళ్లి చూసిన ఆనందం అనుకున్నాం.

"అమ్మకు చెప్పేస్తాను. నీ మీద మిగిలిన కోపం కూడా పోతుంది," అన్నాను.

"పోగొట్టకురా," అన్నాడు మావయ్య. "అక్కయ్య మాట్లాడని ఆ ఆరు నెలల్లోనే నా పరిశోధన పత్రాలు మూడు పూర్తయ్యాయి."